మెషిన్ మార్చాక చేపలు పెరిగినట్టు కనిపిస్తోంది, పాత లెక్కలతో కలపొచ్చా?

ఏటిగట్టు:
మా టీమ్ ఒక నదిలో ఏటా అవే చోట్ల చేపల సర్వే చేస్తోంది. ఎలక్ట్రోఫిషింగే. నీళ్లలోకి కరెంటు వదిలి, సోయి తప్పిన చేపల్ని చేతి వలతో తీసి, కొలిచి, తేరుకున్నాక వదిలేస్తాం. ఈమధ్య పాత ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) సెట్టు పక్కనపెట్టి పల్స్‌డ్ డీసీది (ఒకే దిశలో ఆగి ఆగి వచ్చే కరెంటు) తెచ్చారు. అప్పట్నుంచి గంటకు పట్టే చేపలు బాగా పెరిగాయి. రిపోర్టులో చేపలు పెరిగాయని రాసేయమంటున్నారు పైవాళ్లు. నాకేమో ఇది మెషిన్ మహిమేమో అని డౌటు. రెండూ ఒకే గ్రాఫులో గీయొచ్చా?

ఈదురుగాలి:
ఇప్పుడే గీయకండి. మీరు కొలిచేది నదిలో ఎన్ని చేపలున్నాయని కాదు కదా, గంటసేపు మెషిన్ నడిపితే ఎన్ని చేతికొచ్చాయని. ఉన్నవాటిలో పట్టుబడే వాటా ఏటా ఇంచుమించు ఒకేలా ఉంటేనే ఆ లెక్క పనికొస్తుంది. డీసీలో చేప ఆనోడ్ (నీళ్లలో పెట్టే పాజిటివ్ కొస) వైపు తనే ఈదుకొస్తుంది, ఏసీలో అలా రాదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది, మసక నీళ్లలో అడుగున బిగుసుకున్న చేప మీకు కనపడదు, లెక్కలోకీ రాదు.

పాత సెట్టు ఉంటే కొన్ని సీజన్లు అవే చోట్ల రెండూ నడపండి. ఒకదాని వెంటనే ఒకటి మాత్రం వద్దు, మొదటిసారి బెదిరినవి రెండోసారి దొరకవు, కొన్ని రోజుల ఎడం ఉంచి ఏది ముందన్నది మారుస్తుండండి. రెండు మెషిన్లకూ పడ్డ చేపల నిష్పత్తి కూడా జాతికీ సైజుకీ విడివిడిగా తీయాలి, పెద్ద చేపలు కరెంటుకు తేలిగ్గా లొంగుతాయి, పిల్లలు తప్పించుకుంటాయి.

లెక్కలరాయుడు:
ఒక్క మెషినేనా? నీటిమట్టం చూశారా? నీళ్లు ఎక్కువున్న ఏడాది అవే చేపలు పలచబడి తక్కువ పడతాయి. కండక్టివిటీ (నీళ్లు కరెంటును ఎంత పోనిస్తాయో), నీటి వేడి, మసక కూడా ప్రతి రన్ పక్కన రాసుంటే లెక్కల మోడల్లో పెట్టి వాటి ప్రభావాన్ని విడదీయొచ్చు.

ఓపిక పడితే ఫలితం ఉంటుంది లెండి. అమెరికాలో ఇల్లినాయ్ నదిలో 1957లో మొదలుపెట్టిన ఎలక్ట్రోఫిషింగ్ సర్వే ఉంది. మొదట్లో ఎగువ భాగంలో కార్ప్, గోల్డ్‌ఫిష్ లాంటి మురికిని తట్టుకునేవే ఎక్కువ పడేవి, నీటి కాలుష్యాన్ని కట్టడి చేసే 1972 క్లీన్ వాటర్ యాక్ట్ తర్వాత నీళ్లు మెరుగుపడే కొద్దీ మురికిని అంతగా తట్టుకోని బ్లూగిల్, లార్జ్‌మౌత్ బాస్ లాంటి చేపలు పెరిగాయి. ఐదారేళ్ల లెక్కలతో అది తేలేది కాదు.

ఏటిగట్టు:
థాంక్స్ అండి. పాత సెట్టు పనిచేస్తోంది. కండక్టివిటీ మొదటి ఏళ్లవి లేవు. ప్రతి చేప పొడవూ మాత్రం మొదట్నుంచీ ఉంది.

మడుగు:
పొడవులుంటే సగం పని అయినట్టే! జాతివారీగా, ఏడాదివారీగా పొడవుల గ్రాఫులు గీసి పక్కపక్కన పెట్టండి. చేపల సంఖ్య నిజంగా పెరిగితే ఒక ఏడాది పిల్లలు గుంపుగా కనిపిస్తాయి, మరుసటేడు అదే గుంపు కాస్త పెద్ద సైజులో కనిపిస్తుంది, అలా జరుగుతూ పోతుంది. మెషిన్ వల్లయితే అన్ని సైజులూ, మధ్యవయసువి కూడా, మార్చిన ఏడాదే ఒక్కసారిగా లేస్తాయి. నాలుగేళ్ల చేప రాత్రికి రాత్రి పుట్టదు కదా. వలస వచ్చి ఉండొచ్చంటారేమో, అయితే సంబంధం లేని జాతులన్నీ ఒకే ఏడాది ఎందుకొస్తాయి? పొలుసులు దాచుంటే వలయాలు లెక్కపెట్టి వయసు కూడా సరిచూసుకోండి. అప్పటిదాకా పైవాళ్లు ఎంత తొందరపెట్టినా, మెషిన్ మారిన ఏడాది దగ్గర గ్రాఫులో నిలువు గీత కొట్టి రెండు ముక్కలుగానే చూపించండి.