అండమాన్‌లో ఆరుగురం, ఏడు రోజులు: పరుగులు లేకుండా ఎలా?

మధ్యాహ్నం_నిద్ర:
జనవరి చివరి వారంలో హైదరాబాద్ నుంచి ఆరుగురు స్నేహితులం అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. ఆరు రాత్రులు, ఏడు పగళ్ళు. ఏజెంట్ ఇచ్చిన ప్లాన్‌లో పోర్ట్ బ్లెయిర్, రాస్ ఐలాండ్, నార్త్ బే, బారాటాంగ్, హేవ్‌లాక్, నీల్ అన్నీ కుక్కేశారు. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికే బయలుదేరాలట. మాకు కావాల్సింది పొద్దున ఈత, మధ్యాహ్నం చెట్టు కింద కునుకు, సాయంత్రం కబుర్లు. అంతే. మాలో ఇద్దరికి ఈత రాదు, ఒకరికి ఆస్తమా ఉంది, ఒకరు శాకాహారి.
ఇందులో ఏవి కొట్టేయాలి? ఏ దీవిలో ఎన్ని రాత్రులు ఉండాలి? ఈత రానివాళ్ళు స్కూబా చేయొచ్చా?

ఉప్పుగాలి:
ముందు బారాటాంగ్ కొట్టేయండి. మూడింటి ప్రయాణం దానికోసమే. జారవా ఆదివాసుల అడవి మధ్యలోంచి, జిర్కాటాంగ్ దగ్గర కాన్వాయ్ (బండ్లన్నీ కలిసి కదిలే వరుస) పట్టుకుని వెళ్ళి, సున్నపురాయి గుహలు చూసి, మళ్ళీ కాన్వాయ్‌లోనే తిరిగి రావాలి. దారిలో బండి ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు. ఒక రోజంతా కారులోనే పోతుంది. మీకు కావాల్సిన సెలవు అది కాదు. నార్త్ బే కూడా తీసేయండి, హేవ్‌లాక్‌లో సముద్రం అంతకంటే బాగుంటుంది.

మిగిలింది ఇలా సర్దుకోండి. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, సాయంత్రం సెల్యులార్ జైలు చూసి అక్కడే పడుకోండి. రెండో రోజు పొద్దున బోటులో హేవ్‌లాక్. అక్కడ నాలుగు రాత్రులు. ఆరో రోజు మధ్యాహ్నానికి పోర్ట్ బ్లెయిర్ తిరిగొచ్చి ఆ రాత్రి అక్కడే ఉండి, ఏడో రోజు విమానం. నీల్ తప్పకుండా చూడాలంటే హేవ్‌లాక్ నాలుగు రాత్రుల్ని మూడు చేసి, ఒక రాత్రి నీల్‌కి ఇవ్వండి. నా ఓటు మాత్రం నాలుగు రాత్రులకే. దీవి మారిన ప్రతిసారీ సామాను సర్దడం, గది ఖాళీ చేయడం, జెట్టీలో ఎదురుచూడడం కలిపి సగం రోజు మింగేస్తాయి. బోటులో కూర్చునేది గంటే అయినా లెక్క మాత్రం సగం రోజే.

చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండాలన్నది మాత్రం మార్చకండి. సముద్రం బాగాలేకపోతే ఫెర్రీలు రద్దవుతాయి. టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది, తప్పిపోయిన విమానం రాదు. విమానం రోజు పొద్దున బోటెక్కి మధ్యాహ్నం విమానం అందుకుందామనుకోవడం అక్కడ జరిగే పొరపాట్లలో అన్నిటికంటే ఖరీదైంది.

ఇంకొకటి. టికెట్ల మీద పేర్లు చూసి కంగారుపడకండి. హేవ్‌లాక్‌ను 2018లో స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. ఆటోవాళ్ళకు మాత్రం పాత పేరే త్వరగా అర్థమవుతుంది. అలాగే ప్రైవేటు ఫెర్రీలు హాడో నుంచి బయలుదేరతాయి, ప్రభుత్వ బోట్లు ఫీనిక్స్ బే నుంచి. ఒక జెట్టీకి బదులు ఇంకో దానికి వెళ్ళి బోటు పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి సీజన్‌లో ఉంటారు. టికెట్‌లో ఏ జెట్టీ ఉందో డ్రైవర్‌కి చదివి వినిపించండి.

ప్రైవేటు బోటైతే హేవ్‌లాక్‌కి గంటన్నర, ప్రభుత్వ బోటైతే రెండున్నర గంటల దాకా. ప్రభుత్వ బోటు చవక, కానీ దాంట్లో దీవుల వాళ్ళకే ముందు చోటు. ఆరు సీట్లు ఒకేసారి కావాలి కాబట్టి విమానం టికెట్లు కొన్న రోజే ప్రైవేటు ఫెర్రీ కూడా తీసేసుకోండి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, కార్డు అసలుదే పట్టుకెళ్ళాలి.

భీమిలి_బోటు:
ఉప్పుగాలి గారి ప్లాన్ బాగుంది. నీల్ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఖాళీగా కూర్చోవడానికి హేవ్‌లాక్ కంటే నీలే మేలు. చిన్న దీవి, సైకిల్ మీద తిరిగేయొచ్చు, జెట్టీ పక్కనే భరత్‌పూర్ బీచ్. హేవ్‌లాక్ రెండు, నీల్ రెండు రాత్రులు చేసుకున్నా తప్పులేదు. సరే, అది ఎవరి రుచి వాళ్ళది.

అసలు సంగతి ఆటుపోట్లు. ఏజెంట్లు దాని మాట ఎత్తరు. ఏ బీచ్‌కి ఏ గంటకి వెళ్ళాలో నిర్ణయించేది అదే. రోజుకు రెండు పోట్లు (నీళ్ళు నిండడం), రెండు ఆట్లు (నీళ్ళు తగ్గడం). ప్రతి రోజూ ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పౌర్ణమికి, అమావాస్యకు పోటు నీటికీ ఆటు నీటికీ ఎత్తులో తేడా ఎక్కువ, అక్కడ దాదాపు రెండు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి చుట్టుపక్కల తేడా తక్కువ.

ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్ తీయండి. పోర్ట్ బ్లెయిర్ చుట్టూ పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటు సుమారుగా పొద్దున పది ప్రాంతంలో, ఆటు సాయంత్రం నాలుగు ప్రాంతంలో వస్తాయి. అష్టమికి ఇది తిరగబడుతుంది, పొద్దున నీళ్ళు లాగేసి ఉంటాయి, మధ్యాహ్నం నిండుతాయి. ఇది మోటు లెక్క. వెళ్ళే ముందు పోర్ట్ బ్లెయిర్ టైడ్ టేబుల్ చూసి ఏడు రోజులవి ఒక కాగితం మీద రాసుకోండి.

దీనితో ఏం పని అంటే, హేవ్‌లాక్‌లో ఎక్కువ రిసార్టులు తూర్పు ఒడ్డున, విజయ్‌నగర్, గోవింద్‌నగర్ వైపు ఉంటాయి. ఫోటోల్లో నీలంగా మెరిసే ఆ నీళ్ళు ఆటు సమయానికి ఎక్కడికో వెళ్ళిపోతాయి. చచ్చిన పగడాలు, రాళ్ళు, మోకాలు దాటని నీళ్ళు మిగులుతాయి. అక్కడ ఈదలేరు, నడిస్తే కాళ్ళు కోసుకుంటాయి. "రిసార్ట్ మోసం చేసింది" అని రివ్యూలు రాసేవాళ్ళలో చాలామంది ఆటు సమయానికి దిగినవాళ్ళే. పోటుకు గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత వరకు అక్కడ ఈత బ్రహ్మాండం. రాధానగర్ మాత్రం ఇసుక బీచ్, పడమటి వైపు, ఏ గంటకైనా దిగొచ్చు. నీల్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెనకు దీనికి ఉల్టా, ఆటు సమయంలోనే వెళ్ళాలి. ఆటుకు ఒక గంట ముందు చేరుకుని, నీళ్ళు తిరిగి మొదలవగానే వచ్చేయండి. రాళ్ళ మీద నాచు ఉంటుంది, పట్టున్న చెప్పులు కావాలి.

పొద్దు విషయం కూడా మరిచిపోకండి. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే ముందు. జనవరి చివర్లో హైదరాబాద్‌లో ఆరూ పదికి పొద్దుగుంకితే అక్కడ ఐదూ ఇరవైకే. "ఐదింటికి బయలుదేరి సూర్యాస్తమయం చూద్దాం" అంటే జెట్టీ నుంచి 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాధానగర్ చేరేసరికి చీకటే కనిపిస్తుంది. నాలుగింటికల్లా అక్కడ ఉండాలి. చీకటి పడ్డాక వెనక్కి రావడానికి ఆటో దొరకడం కష్టం, వెళ్ళేటప్పుడే తిరుగు ఆటో మాట్లాడుకోండి.

మధ్యాహ్నం_నిద్ర:
అయితే మేం అనుకున్న పొద్దున ఈత, సాయంత్రం కబుర్లు కూడా తిథి చూసే పెట్టుకోవాలన్నమాట! ఆస్తమా, ఈత సంగతి ఎవరైనా చెప్పండి. స్కూటర్లు తీసుకోవచ్చా?

నత్తగుల్ల:
మొదటిసారి చేసే స్కూబాకి ఈత రానక్కర్లేదు. శిక్షకుడు పక్కనే పట్టుకుని ఉంటాడు, లోతు 12 మీటర్లు దాటదు. నీళ్ళంటే వణుకు ఉన్నవాళ్ళని మాత్రం తోటివాళ్ళు తోసి పంపకండి. మధ్యలో భయపడి ఊపిరి బిగబట్టి పైకి లేచినవాళ్ళకు ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. నీళ్ళలో ఊపిరి ఆపకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం అదే.

ఆస్తమా ఉన్న స్నేహితుడి గురించి. డైవింగ్ షాపులో ఒక వైద్య పత్రం నింపమంటారు. అందులో ఆస్తమా, బీపీ, మూర్ఛ, చెవి ఆపరేషన్, గుండె జబ్బు లాంటి ప్రశ్నలు ఉంటాయి. ఒక్కదానికి "అవును" అన్నా డాక్టర్ సంతకం అడగొచ్చు. హేవ్‌లాక్‌లో అప్పటికప్పుడు ఆ సంతకం కోసం తిరగడం కష్టం. అందుకే షాపు వాళ్ళ పత్రం ముందే తెప్పించుకుని, హైదరాబాద్‌లో ఛాతీ వైద్యుడికి చూపించి డైవ్ చేయాలో వద్దో తేల్చుకోండి. "లేదు" అని అబద్ధం టిక్ పెట్టడం మాత్రం వద్దు. వద్దన్నారా, స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి పైనే తేలుతూ చూడడం) ఉంది, గాజు అడుగు పడవ ఉంది.

జలుబు చేస్తే ఎవరైనా సరే డైవ్ మానుకోండి. చెవి ఒత్తిడి సర్దుకోకపోతే కర్ణభేరి చిరగొచ్చు. దిగేటప్పుడు నొప్పి రాకముందే, ప్రతి అర మీటరుకీ ముక్కు మూసి మెల్లగా ఊదాలి. నొప్పి వచ్చాక ఊదితే లాభం లేదు, కాస్త పైకి రావాలి. బోటులో వాంతులకి వాడే అవోమైన్ లాంటి మాత్రలు మత్తు తెస్తాయి, డైవ్ రోజు వేసుకుంటే షాపు వాళ్ళకి చెప్పాలి. డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి ఒక్కసారే దిగితే కనీసం 12 గంటలు, రెండు మూడు డైవ్‌లైతే 18 గంటలు ఆగాలి. డైవ్‌ని మూడో రోజుకి పెట్టుకుంటే ఇబ్బందే లేదు.

స్నార్కెల్ మాస్కు ఎంచుకునేటప్పుడు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేయి తీసేసినా నిలబడితే మీకు సరిపోయినట్టు. మీసాలున్నవాళ్ళకి ముక్కు కింది నుంచే నీళ్ళు కారతాయి. మీసం తీసేయమనను గానీ, పై అంచు కాస్త కత్తిరించుకుంటే తేడా తెలుస్తుంది. ఈత రానివాళ్ళు లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దు, మోకాలి లోతైనా సరే.

మొసళ్ళ బోర్డులు అలంకారానికి పెట్టలేదు. ఉప్పునీటి మొసళ్ళు అక్కడ నిజంగానే ఉన్నాయి. వాగులు సముద్రంలో కలిసే చోట్లకు, మడ అడవుల అంచులకు వెళ్ళకండి. వల కట్టిన చోటే ఈదండి, చీకటి పడేలోపు ఒడ్డుకి వచ్చేయండి. మందు తాగాక నీళ్ళలోకి అసలే వద్దు.

పచ్చడి_డబ్బా:
స్కూటర్లు తీసుకోండి, ఆరుగురికి మూడు. అసలు లైసెన్స్ పట్టుకెళ్ళండి, వెనక కూర్చునేవాళ్ళకీ హెల్మెట్ అడగండి. బండి తీసుకునే ముందే గీతలన్నీ చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి, తిరిగి ఇచ్చేటప్పుడు గొడవ ఉండదు. రాధానగర్ దారిలో ఎత్తుపల్లాలు, మలుపులు ఉన్నాయి, రాత్రి వెలుతురు తక్కువ.

డబ్బు గురించి స్నేహితులు గొడవపడేది చిన్న ఖర్చుల దగ్గరే. గది, ఫెర్రీ ముందే కట్టేస్తారు కాబట్టి మిగిలేది ఆటో, పెట్రోల్, కొబ్బరిబోండాలు, భోజనాలు. తలా 5,000 చొప్పున 30,000 నగదు ఒకరి చేతిలో పెట్టి, అన్నీ అందులోంచే ఇవ్వండి. డైవింగ్, షాపింగ్, మందు ఎవరిది వాళ్ళు. నగదు అంటున్నది ఊరికే కాదు. చెన్నై నుంచి 2020లో సముద్రం కింద కేబుల్ వేశాక నెట్ బాగానే మెరుగైంది, అయినా హేవ్‌లాక్, నీల్‌లలో ఫోన్ చెల్లింపులు ఆగిపోయే రోజులుంటాయి. ఏటీఎంలు కొద్దే, ఖాళీ అవుతాయి కూడా.

శాకాహారికి అన్నం, పప్పు, దోశ దొరుకుతాయి. కూరగాయల్లో చాలావరకు ఓడలో రావాలి కాబట్టి ధర ఎక్కువ. ఆవకాయ తీసుకెళ్ళాలంటే చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్‌లో పెట్టండి, మూతకి రెండు కవర్లు చుట్టండి. పోర్ట్ బ్లెయిర్‌లో భాష గురించి బెంగ అక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

సన్‌స్క్రీన్ లెక్క ఎవరూ వేయరు. ఒళ్ళంతా ఒకసారి రాస్తే 30 మిల్లీలీటర్లు పడుతుంది, రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే అందులో సగం చాలు. అప్పుడు కూడా రోజుకు రెండుసార్లు, ఐదు రోజులకి మనిషికి 150 మిల్లీలీటర్లు. ఒక చిన్న ట్యూబు ఆరుగురికి ఒక్క పూట కూడా రాదు.

ఇసుక దోమలు కంటికి కనిపించవు. పొద్దున, సాయంత్రం తడి ఇసుక మీద కూర్చున్నవాళ్ళని కుడతాయి, మర్నాడు దద్దుర్లు తేలతాయి. కాళ్ళకి కొబ్బరినూనె పట్టించి, చాప మీద కూర్చోండి. గోకితే పుండు అవుతుంది, కాలమైన్ లోషన్ దగ్గర ఉంచుకోండి.

గవ్వలు, పగడం ముక్కలు ఏరుకుని సంచిలో వేయకండి. ఒడ్డున చచ్చి పడున్నదైనా పగడం వన్యప్రాణి చట్టం కిందికే వస్తుంది, విమానాశ్రయం స్కానింగ్‌లో పట్టుకుంటారు.

మధ్యాహ్నం_నిద్ర:
అందరికీ ధన్యవాదాలు. బారాటాంగ్, నార్త్ బే రెండూ తీసేశాం. హేవ్‌లాక్ నాలుగు రాత్రులకి ఖాయం చేశాం. మా ఇంకో బృందం పిల్లల సెలవుల్లో, మే చివర్లో వెళ్తానంటోంది. వాళ్ళకీ ఇదే ప్లాన్ పనికొస్తుందా?

ఉప్పుగాలి:
పనికిరాదు. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు అండమాన్‌నే తాకుతాయి, మామూలుగా మే మూడో వారం ప్రాంతంలో. అప్పుడు బోట్లు ఊగుతాయి, రద్దవుతాయి, నీళ్ళలో అడుగు కనిపించదు. సెలవులు మొదలైన వెంటనే, ఏప్రిల్ చివరి వారంలో వెళ్ళమనండి. ఎండ, ఉక్కపోత ఎక్కువే గానీ సముద్రం నిలకడగా ఉంటుంది. మే చివరే తప్పదంటే హేవ్‌లాక్ రాత్రుల్లో ఒకటి తగ్గించి, చివర పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి కాదు, రెండు రాత్రులు పెట్టుకోమనండి. తేదీ మార్చుకోనిచ్చే గదులే తీసుకోవాలి.