పదేళ్లు దాటిన లారీకి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఏమేం చూస్తారు?

బొబ్బిలి కుర్రాడు:
మా మామయ్య దగ్గర పాత పది టైర్ల లారీ తీసుకున్నాను. 2015 మోడల్, ఏపీ 35 నంబరు. రాయ్‌పూర్ లైనుకి తిప్పుదామని తీసుకుంటే, తీరా పేపర్లు చూశాక ఎఫ్‌సీ గడువు ఇంకా పన్నెండు రోజులే ఉందని తెలిసింది. ఆఫీసు ఎదురుగా టీకొట్టు దగ్గర ఒకాయన "టైర్లు అద్దెకిప్పిస్తాను, స్పీడ్ గవర్నర్ (బండి వేగం హద్దు దాటకుండా ఆపేది) సంగతి నేను చూసుకుంటాను, అంతా నాకొదిలెయ్" అంటున్నాడు. ముందు ఎడమ టైరు బాగా అరిగింది, వెనక లైటొకటి వెలగట్లేదు, మిగతాదంతా బాగుందని డ్రైవర్ మాట. ఏడాదికోసారి చేయించాలా, రెండేళ్లకా? ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

సాలూరు లారీ ఓనరు:
తమ్ముడూ, ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ పైబడితే ఏటా. నీది ఏటా చేయించాల్సిందే. గడువు దాటితే రోజుకి 50 రూపాయలు అదనంగా పడుతుంది కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగకు. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి స్లాట్ తీసుకునేలోపే క్వార్టర్లీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, పర్మిట్ సరిగా ఉన్నాయో చూసుకో, పాత చలాన్లుంటే కట్టేయ్. నేనొకసారి మూడేళ్ల నాటి చలానొకటి మర్చిపోయి పూటంతా తిరిగాను. మీ ఆర్టీవో పరిధిలో ఆటోమేటిక్ టెస్టింగ్ స్టేషన్ ఉంటే అక్కడికే వెళ్లాలి, అక్కడ బ్రేకు పట్టు రోలర్ మీద మెషినే చెప్తుంది, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని బతిమాలుకోవడాలు నడవవు.

రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కలకి పసుపు, వెనక ఎరుపు. చాలామంది పక్కలకి కూడా ఎరుపు అంటించేసి దొరికిపోతారు. మా సాలూరులో బాడీ కట్టించినప్పుడు ఎత్తుకోసం పైన అదనపు పలకలు వేయించి ఉంటే తీయించెయ్, ఆర్‌సీలో ఉన్న కొలతలే ఉండాలి.

గ్యారేజీ బాబాయ్, విజయనగరం:
అద్దె టైర్ల మాట ఎత్తకు బాబూ. ఆ టైరు సాయంత్రానికి వాళ్లు విప్పేసుకుంటారు, నువ్వు మళ్లీ ఆ అరిగినదాంతోనే లోడుతో సుంకి ఘాట్ దిగాలి. టైరు గాడిలో అడ్డంగా చిన్న గడ్డల్లాంటివి ఉంటాయి, పైభాగం వాటికి సమానంగా అరిగిపోయిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, మార్చాల్సిందే.

బ్రేకు నువ్వే చూసుకోవచ్చు. సమతలంగా ఉన్న చోట ఆపి, చక్రాలకి అడ్డు పెట్టి, బ్రేకు గాలి మీటరు నిండాక ఇంజిన్ ఆపెయ్. ఒకరు పెడలు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు ఒక్కో చక్రం దగ్గర చెవి పెట్టాలి. సన్నగా బుస్సుమని వినబడితే అక్కడ గాలి పోతోందన్నమాట. స్లాక్ అడ్జస్టర్లు (ఒక్కో చక్రం దగ్గర బ్రేకు బిగువు సరిచేసేవి) కూడా అన్ని చక్రాలకీ ఒకేలా పట్టేలా బిగించమను, లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది. "అంతా బాగుంది" అనే డ్రైవర్ మాట నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను.

రాజాం నుంచి:
గడువు దాటితే ఫైన్ ఒకటే అనుకోవద్దు. ఎఫ్‌సీ లేని రవాణా బండికి చట్టం దృష్టిలో రిజిస్ట్రేషనే చెల్లదు. మా బావగారి బండి గడువైన తొమ్మిదో రోజు బోల్తా పడింది, ఇన్సూరెన్స్ వాళ్లు ఎఫ్‌సీ లేదని మెలిక పెట్టారు, ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు.

బొబ్బిలి కుర్రాడు:
అందరికీ థాంక్స్. ముందు టైర్లు రెండూ కొత్తవే వేయించాను, టీకొట్టు ఆయన ఇప్పుడు మొహం తిప్పుకుంటున్నాడు. ఎఫ్‌సీకి పెడితే మొదటిరోజు వెనక్కి పంపేశారు, టైరుకీ బ్రేకుకీ కాదు, వైపర్ తిరగట్లేదని! రెండోసారికి అయిపోయింది. బాబాయ్, మీరు చెప్పినట్టే చెవి పెట్టి విన్నాం. వెనక కుడి చక్రం దగ్గర డయాఫ్రం, అదే బ్రేకు గాలిని పట్టి ఉంచే రబ్బరు పొర, చిరిగి ఉంది. డ్రైవర్‌ని అడిగితే "అది ఎప్పట్నుంచో అలాగే ఉంది కదండీ" అన్నాడు.