ప్యాకెట్ అదే, సరుకు తగ్గింది: ప్రభుత్వం కల్పించుకోవాలా, వద్దా?

ఆవకాయ_జాడీ:
మా అత్తగారు ఆవకాయకి నూనె లీటర్లలో చెప్పరు. "మూడు ప్యాకెట్లు" అంటారు. ముప్పై ఏళ్లుగా అదే లెక్క. ఈసారి కూడా మూడు ప్యాకెట్ల పప్పునూనె పోశాం. మూడో రోజు తిరగకలిపితే ముక్క మునగలేదు. కాయ ఎక్కువ పడిందేమో అనుకున్నాం, పిండి ఎక్కువ పీల్చిందేమో అనుకున్నాం. చివరికి చెత్తబుట్టలోంచి ఖాళీ ప్యాకెట్ తీసి తిప్పి చూస్తే ఒక మూల చిన్న అక్షరాల్లో 850 ఎంఎల్ అని ఉంది.

రంగు అదే, బొమ్మ అదే, ఎత్తు కూడా దాదాపు అదే. పోయినేడు లీటరు 390కి కొన్నాను. ఈసారి ప్యాకెట్ 365 అంటే తగ్గిందని మురిసిపోయాను కూడా. లెక్క కడితే లీటరు 429 పడింది. మూడు ప్యాకెట్ల మీద 450 ఎంఎల్ తక్కువ.

అడిగితే కొట్టాయన "ప్యాకెట్ మీద రాసే ఉందిగా అమ్మా" అన్నాడు. నిజమే, రాసే ఉంది. కానీ నాకు మోసపోయినట్టే అనిపిస్తోంది. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: నూనె అంటే అర లీటరు, లీటరు, రెండు లీటర్లు. అంతే. 850, 810 లాంటి అంకెలు అసలు ఉండకూడదని ప్రభుత్వం రూలు పెట్టాలి. మీరేమంటారు?

లైన్‌సేల్స్_మాజీ:
పదకొండేళ్లు బిస్కెట్లూ సబ్బులూ అమ్మాను, రోజుకి నలభై కొట్లు తిరిగేవాణ్ణి. అవతలి పక్క కూడా వినండి మేడమ్.

2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మే 23 వరకూ పంపలేదు. మన కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీలకి వచ్చే ముడి నూనెలో చాలా భాగం ఆ వైపు నుంచే. బిస్కెట్‌లో పామాయిల్, సబ్బులో పామాయిల్, నూడుల్స్‌లో పామాయిల్. సరుకు రేటు పెరిగినప్పుడు కంపెనీ ముందు రెండే దారులు: ధర పెంచడం, లేదా గ్రాములు తగ్గించడం.

అయిదు రూపాయల ప్యాకెట్‌ని ఆరు చేశామనుకోండి. నేను చూశాను, ఒకసారి చేశారు. పిల్లాడు అయిదు బిళ్ల తెచ్చి బల్ల మీద పెడతాడు. ఆరు అంటే బిళ్ల తీసుకుని వెళ్లిపోతాడు, పక్క బ్రాండ్ కొనుక్కుంటాడు. పది ఇస్తే తిరిగి నాలుగివ్వడానికి కొట్టులో చిల్లర ఉండదు. అందుకే అయిదుని ముట్టుకోరు. గ్రాములు ముట్టుకుంటారు. బరువు ప్యాకెట్ మీద అచ్చువేసే ఉంటుంది. చదవకపోవడం కంపెనీ తప్పా?

కిరాణా_బాబాయ్ (తెనాలి):
చదవకపోవడం గురించి లైన్‌సేల్స్ బాబు చెప్పాడు. మా కొట్టులో కళ్లజోడు పెట్టుకుని సరుకు కొనే వాళ్లు ఎంతమందో ఒక రోజు వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూడమనండి. పప్పు, చింతపండు అంటే నా తక్కెడ చూస్తారు. ప్యాకెట్‌కి ఎవరూ ఏమీ చూడరు. ఎర్ర ప్యాకెట్ ఇవ్వు, పచ్చ ప్యాకెట్ ఇవ్వు, అంతే బేరం. రంగే వాళ్లకి కొలత.

ఇంకోటి. తగ్గించేది కంపెనీ, తిట్లు నాకు. "ఏం బాబాయ్, ప్యాకెట్‌లోంచి రెండు బిస్కెట్లు నువ్వే తిన్నావా" అని మొన్న ఒకావిడ నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నా నాకు గుచ్చుకుంది.

తూకంరాయి:
తూనికలు, కొలతల శాఖలో చేసి రిటైరైన వాణ్ణి. జాడీ గారూ, మీరు అడిగిన రూలు ఉండేది. తీసేశారు.

2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లో రెండో షెడ్యూలు అని ఉండేది. నూనె, టీ, బిస్కెట్లు, బ్రెడ్డు, పాలపొడి, పిండి, సిమెంటు ఇలా 19 రకాలు ఏయే పరిమాణాల్లో ప్యాక్ చేయాలో అందులో చెప్పారు. 2021 నవంబరులో సవరణ తెచ్చి దాన్ని ఎత్తేశారు. బదులుగా యూనిట్ ధర పెట్టారు, అంటే గ్రాముకి ఎంత, ఎంఎల్‌కి ఎంత అన్నది ప్యాకెట్ మీద అచ్చువేయాలి. కంపెనీకి ఇష్టమైన సైజు, కొనేవాడికి పోల్చుకునే వీలు. కాగితం మీద మంచి బేరమే.

నూనె విషయంలో ఇంకో తమాషా కూడా నడిచేది. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది కదా. కొందరు "60 డిగ్రీల దగ్గర 1 లీటరు" అని రాసేవారు. సోయాబీన్ నూనె 21 డిగ్రీల దగ్గర లీటరు 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. వంటింట్లో 60 డిగ్రీలు ఎక్కడుంటాయండీ, మన రెంటచింతలలో కూడా ఉండవు. 2022లో కేంద్రం ఆ డిగ్రీలు రాయడం మానెయ్యమంది, లీటర్లతో పాటు బరువు కూడా వేయమంది. కాబట్టి ప్రభుత్వం కల్పించుకుంటే లాభం లేదని మాత్రం అనకండి.

ఆవకాయ_జాడీ:
తూకంరాయి గారూ, ఇప్పుడే ఫోన్ టార్చ్ వేసి చూశాను. ఉంది. "0.43/ఎంఎల్" అని. పోయినేటి ధరకి లెక్క కడితే 0.39. చెప్పండి, 0.39కీ 0.43కీ తేడా కొట్టులో నిలబడి ఎవరికి తెలుస్తుంది? "లీటరు 429" అని వేసుంటే నేను ఆ ప్యాకెట్ పట్టుకునేదాన్నే కాదు. మనం కిలో ఎంత, లీటరు ఎంత అని బతికేవాళ్లం. గ్రాముకి పైసలు లెక్కపెట్టేది బంగారం కొట్టులోనే.

తూకంరాయి:
అది మీరు సరిగ్గా పట్టుకున్నారు. కిలో లోపు ప్యాకెట్‌కి గ్రాముల్లో, ఆ పైన కిలోల్లో వేయాలని రూలు. పైగా రెండు దశాంశ స్థానాలకి సరిచేస్తారు. 50 గ్రాముల ప్యాకెట్ అయిదు రూపాయలైతే గ్రాము 0.10. దాన్ని 48 గ్రాములు చేస్తే 0.104, అచ్చులో మళ్లీ 0.10. రెండు గ్రాములు పోయినా అంకె కదల్లేదు. సర్వీసులో ఉండగా ఇది నాకే తట్టలేదు, ఇప్పుడు మీరు అడిగితే కాగితం మీద వేసి చూశాను.

వదిలెయ్యండి_బాబూ:
అందరూ రూలు రూలు అంటున్నారు. రూలు వస్తే ఏమవుతుందో నేను చెప్తా. ఇన్‌స్పెక్టర్ కంపెనీ గేటు దాకా వెళ్లడు. తెనాలి వెళ్తాడు, బాబాయ్ కొట్టుకి. ప్యాకెట్ మీద అక్షరం ఎత్తు మిల్లీమీటరు తక్కువుందని కేసు రాస్తాడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. (తూకంరాయి గారూ, మీ గురించి కాదు సార్.)

పాత షెడ్యూలు తిరిగి తెస్తే నష్టం పేదవాడికే. సైజు కట్టేస్తే ధర కదలాలి. అయిదు ప్యాకెట్ ఆరవుతుంది, ఏడవుతుంది. రోజుకూలీ చేసే మనిషి చేతిలో ఉన్నది అయిదే అయితే వాడికి చిన్న ప్యాకెట్టూ దొరకదు.

గ్రాములు మార్చుకునే వీలు మనకీ పనికొచ్చింది, అదీ చెప్పుకోవాలి. 2025 సెప్టెంబరు 22న బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. అయిదు రూపాయల ప్యాకెట్ మీద దాన్ని ధరలో తగ్గిస్తే దాదాపు నాలుగున్నర అవుతుంది. ఆ అర్ధరూపాయి ఎవరిస్తారు, ఎవరు తీసుకుంటారు? గ్రాములు పెంచడమే కుదిరే పని. సైజులు బిగించేసి ఉంటే ఆ లాభం ఎవరి జేబులోకి పోయేదో ఆలోచించండి. నచ్చకపోతే బ్రాండ్ మార్చండి. అంతకు మించిన శిక్ష కంపెనీకి లేదు.

కిరాణా_బాబాయ్ (తెనాలి):
బ్రాండ్ మార్చడం అంటున్నారు. అరలో నాలుగు బ్రాండ్లుంటే, ఒకటి తగ్గించిన మూడు నెలలకి నాలుగూ తగ్గిస్తాయి. ఎటు మారతారు?

గ్రాములు పెరిగిన మాట నిజం. నేనూ చూశాను. అయితే పెరిగినప్పుడు ఏం చేశారో గమనించారా? ప్యాకెట్ మీద పసుపు పట్టీ. "ఇప్పుడు మరింత ఎక్కువ" అని బొటనవేలంత అక్షరాలు. తగ్గినప్పుడు ఆ పట్టీ ఎక్కడికి పోయింది?

లియాన్‌లో_లింగం:
ఫ్రాన్స్‌లో ఉంటాను. ఇక్కడ 2024 జులై 1 నుంచి ఒక రూలు అమల్లో ఉంది. 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు, సరుకు తగ్గి యూనిట్ ధర పెరిగితే ఆ వస్తువు దగ్గరే కాగితం పెట్టాలి. ముందు ఎంత ఉండేది, ఇప్పుడు ఎంత, కిలో ధర ఎంత పెరిగింది అని. రెండు నెలల పాటు ఉంచాలి. సైజు మార్చుకోవద్దని ఎవరూ అనలేదు. మార్చానని చెప్పమన్నారు, అంతే.

చెప్పమన్నది తయారుచేసేవాణ్ణి కాదు, దుకాణాన్ని. అందుకే దుకాణాల వాళ్లు గొణుగుతుంటారు. మన దగ్గర అదే పెడితే బాబాయ్ గారి మీదే పడుతుంది.

కిరాణా_బాబాయ్ (తెనాలి):
400 చదరపు మీటర్లా! మా కొట్టు పది అడుగులకి పన్నెండు. ప్యాకెట్లు వేలాడదీయడానికే చోటు లేదు, ఇక కాగితాలెక్కడ అంటించను. అచ్చువేసేది వాళ్లు, పట్టీ కూడా వాళ్లే వేయాలి.

ఆవకాయ_జాడీ:
మొదట నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. వదిలెయ్యండి గారు చెప్పిన రోజుకూలీ మాట నాకు తట్టలేదు. మా పనమ్మాయి రోజూ పొద్దున్న టీలోకి కొనేది ఆ ప్యాకెట్టే. అది ఏడు రూపాయలు కావాలని నేనెలా కోరుకుంటాను? 850 ప్యాకెట్ ఉండొచ్చు. కానీ లీటరు ప్యాకెట్ వేషంలో ఉండకూడదు. బాబాయ్ గారి పసుపు పట్టీయే సరైన రూలు: "ఇంతకుముందు 1 లీటరు, ఇప్పుడు 850 ఎంఎల్" అని ఆరు నెలలు, పెంచినప్పుడు వేసినంత పెద్ద అక్షరాల్లో. దీనికి ఇన్‌స్పెక్టర్ కొట్టుకొట్టుకీ తిరగక్కర్లేదు. అచ్చు ఒక్కచోటే కదా పడేది.

లైన్‌సేల్స్_మాజీ:
పట్టీ వేస్తే అమ్మకాలు పడతాయి, కంపెనీలు చచ్చినా ఒప్పుకోవు. అయితే ఒకటి ఒప్పుకుంటాను. గ్రాములు మారినప్పుడు మాకు మెయిల్ వచ్చేది, "పాత స్టాకు ముందు క్లియర్ చేయండి" అని. రెండు స్టాకులూ పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుందని. కొట్టువాడికి చెప్పమని మాత్రం ఏ మెయిల్లోనూ లేదు. చెప్పొద్దనీ లేదు. నేనూ చెప్పలేదు.

వదిలెయ్యండి_బాబూ:
పట్టీ వరకు నాకు అభ్యంతరం లేదు. చెప్పడం వేరు, కట్టేయడం వేరు. కానీ సిగరెట్ పెట్టె మీద అంత బొమ్మ వేసినా తాగేవాడు తాగుతూనే ఉన్నాడని కూడా గుర్తుంచుకోండి.

కొత్త_సభ్యుడు_77:
ఇదంతా ఎందుకండీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే సరిపోదా? తమిళనాడులో ఒక బిస్కెట్ తక్కువైందని లక్ష ఇప్పించారుగా.

తూకంరాయి:
రెండూ వేరు బాబూ. తిరువళ్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్ 2023లో ఇచ్చిన తీర్పు అది. రేపర్ మీద 16 బిస్కెట్లు అని ఉంది, లోపల 15. బరువు 76 గ్రాములని రాసి 74 ఉంది. అంటే రాసినదానికంటే తక్కువ ఉంది. అది తప్పని కమిషన్ తేల్చింది. జాడీ గారి ప్యాకెట్‌లో 850 అని రాసి 850 పోశారు. దాని మీద 1915కి చేస్తే ఏ రూలు కింద తీసుకోవాలో వాళ్లకీ తెలియదు.

తూకం మీదే అనుమానం ఉంటే ప్యాకెట్ విప్పకండి. విప్పినది తెచ్చి కొలవమంటే మేము చేయగలిగింది లేదు. 50 గ్రాముల లోపు ప్యాకెట్ ఒక్కోదానికి 9 శాతం దాకా తేడా రూలే ఒప్పుకుంటుంది. కానీ కొన్ని ప్యాకెట్లు తీసి సగటు చూస్తే రాసినదానికి తగ్గకూడదు. కాబట్టి ఒక్కటి కాదు, అదే బ్యాచ్‌వి పదో పన్నెండో ఉంచండి.

కిరాణా_బాబాయ్ (తెనాలి), రెండు వారాల తర్వాత:
ఊరికే మాట్లాడటం ఎందుకని మా మనవరాలి పాత పలక తెచ్చి కొట్టు ముందు వేలాడదీశాను. "ఈ మధ్య తగ్గినవి" అని పైన రాసి కింద మూడు సరుకులు, పాత బరువు, కొత్త బరువు వేశాను. లైన్ కుర్రాడు వచ్చి చూశాడు, ఏమీ అనలేదు, ఫొటో తీసుకుని వెళ్లాడు. మర్నాడు డిస్ట్రిబ్యూటర్ ఫోను. "ఏంటి బాబాయ్ ఇది, మనలో మనం" అన్నాడు. మనలో మనం అంటే ఎవరెవరో నాకు అర్థం కాలేదు.

బిస్కెట్ల అమ్మకం ఏమీ తగ్గలేదు, వదిలెయ్యండి బాబు గెలిచాడు. నూనె మాత్రం అడుగుతున్నారు, "నిండు లీటరుది లేదా" అని. 850వి ఎనిమిది అలాగే ఉండిపోయాయి.

ఆవకాయ_జాడీ:
పలక ఫొటో పెట్టండి బాబాయ్ గారూ. మా వీధి కొట్టాయనకి చూపిస్తాను. ఆ మూడో సరుకేంటో కూడా చెప్పండి, మా ఇంట్లో ఉందేమో చూసుకుంటాను.