5డబ్ల్యూ-30 బదులు 20డబ్ల్యూ-50 పోయొచ్చా?

ప్రశ్న:
నా పెట్రోల్ కారు పాతబడింది కానీ ఆయిల్ తాగడం లేదు, పొగ రావట్లేదు. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంది. మెకానిక్ ఏమో చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్ సైలెంట్ అవుతుంది, 20డబ్ల్యూ-50 మినరల్ చాలు అంటున్నాడు. ఫ్రెండ్ ఫుల్ సింథటిక్ తప్ప వేరేది ముట్టుకోవద్దంటాడు, ఇంకొకరు సింథటిక్ పోస్తే సీల్స్ లీకవుతాయంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు 1:
రెండు వేరే సంగతులు కలిసిపోయాయండీ ఇక్కడ. మినరలా సింథటికా అన్నది ఆయిల్‌ని దేంతో చేశారన్న విషయం, 5డబ్ల్యూ-30 అన్నది చిక్కదనం. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్ట్ చేసేటప్పటిది, ఎంత చిన్నదైతే అంత తేలిగ్గా పారుతుంది. వెనకది ఇంజన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర: 30 గ్రేడ్ అయితే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) లోపు, 50 గ్రేడ్ అయితే 16.3 నుంచి 21.9 లోపు. ఎంత తేడానో చూడండి! మీ ఆయిల్ పంపు, బేరింగుల సందులు, వాల్వ్ టైమింగ్ మార్చే సిస్టమ్ ఉంటే దాని సన్నటి దారులు, అన్నీ 30కి లెక్కగట్టి చేసినవి. చప్పుడు తగ్గొచ్చు, కాదనను. చప్పుడు తగ్గితే అరుగుదల ఆగినట్టేనా?

జవాబు 2:
సీల్స్ భయం పాతకాలం నాటిది. సీల్ ముందే పగిలి, మడ్డి అడ్డుపడి ఆగి ఉంటే ఏ మంచి ఆయిల్ పోసినా బయటపడొచ్చు, ఆ తప్పు ఆయిల్‌ది కాదు.

ఇంకోటి, ఫుల్ సింథటిక్ అని అమ్మేవాటిలో చాలావరకు ముడి చమురునే హైడ్రోక్రాకింగ్ చేసి (అంటే హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసి) తీసిన గ్రూప్ 3 రకం. రసాయనికంగా తయారుచేసే పీఏఓ అనే గ్రూప్ 4 వేరు. గ్రూప్ 3 తక్కువదేం కాదు, వేడికి మినరల్ కంటే బాగా నిలబడుతుంది. నేనైతే డబ్బా ముందు పెద్దక్షరాలు వదిలేసి వెనక ఏపీఐ (ఆయిల్ నాణ్యతకి గ్రేడులిచ్చే అమెరికా సంస్థ) గుర్తు చూస్తా. 2020లో వచ్చిన ఎస్‌పీ అనే ఏపీఐ గ్రేడు, టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో తక్కువ స్పీడులో వచ్చే ముందస్తు మంటనీ, టైమింగ్ చైన్ అరుగుదలనీ దృష్టిలో పెట్టుకుని పెట్టింది.

జవాబు 3:
బ్రదర్, మెకానిక్‌ని మరీ తీసిపారేయకండి. కొన్ని మాన్యువల్స్‌లో వాతావరణాన్ని బట్టి టేబుల్ ఉంటుంది, అందులో 5డబ్ల్యూ-40 కూడా ఉంటే, రేపు ఆయిల్ తాగడం మొదలైనప్పుడు దానికి మారొచ్చు. అంతేగానీ తిన్నగా 50కి దూకడం ఎందుకు? డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ వాళ్ళు మాత్రం ఇవన్నీ చదివి ఏదో ఒకటి పోసేయకండి, బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ వాడకపోతే ఫిల్టర్ త్వరగా నిండిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అందరికీ. టేబుల్ ఉంది, అందులో 20డబ్ల్యూ-50 లేనే లేదు. ఇప్పుడు లోపల మినరల్ ఉంది, సింథటిక్ పోసేముందు ఫ్లష్ చేయించాలా?

జవాబు 1:
అక్కర్లేదండీ, రెండూ కలుస్తాయి. వేడిగా ఉన్నప్పుడు డ్రెయిన్ చేసి ఫిల్టర్ మార్పించండి, చాలు. పాత ఇంజన్లో ఫ్లష్ కెమికల్ పోస్తే మడ్డి పెళ్లలుగా ఊడి ఆయిల్ జల్లెడకి అడ్డుపడే ప్రమాదం ఉంది.