ఈజిప్టులో సైన్యం దిగకముందే మోర్సీ ప్రభుత్వాన్ని వ్యవస్థలు ఎలా బలహీనపరిచాయి? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. పీజీ సెమినార్ కోసం, ఎన్నికైన అధ్యక్షుడు మహమ్మద్ మోర్సీని దించిన 2013 జులై 3 నాటి ఈజిప్టు సైనిక కుట్ర మీద పేపర్ రాస్తున్నాను, టైమ్ తక్కువ ఉంది, కాస్త టెన్షన్‌గా ఉంది. సైన్యం దిగిన రోజు గురించి చాలా దొరుకుతోంది కానీ నాకు కావాల్సింది అంతకుముందు ఏడాది.

2012 జూన్ 14న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో ఎన్నికైన దిగువసభ రద్దయింది, మూడు రోజులకే, అధ్యక్ష ఎన్నిక పోలింగ్ ముగుస్తుండగానే, సైనిక మండలి శాసనాధికారం తన చేతిలోకి తీసుకుంది. అంటే జూన్ 30న మోర్సీ ప్రమాణం చేసేసరికి ఆయన వెనక దిగువసభే లేదు! నవంబరులో తన నిర్ణయాలను కోర్టులు ప్రశ్నించకూడదని ఆయన ఇచ్చిన ఉత్తర్వు పెద్ద తప్పే అనుకుంటాను, దానితో చాలామంది దూరమయ్యారు.

నన్ను వదలనిది మాత్రం పెట్రోలు సంగతి. 2013 జూన్‌లో బంకుల దగ్గర బారులు, కరెంటు కోతలు, ఆయన్ని దించిన కొద్దిరోజులకే అవి తగ్గాయి, పోలీసులు మళ్లీ వీధుల్లో కనిపించారు. ఇది అధికారులు కావాలని చేసిందా, లేక ఇంధనం దిగుమతికి కావాల్సిన డాలర్ల కొరత వల్లేనా? రెండింటినీ విడదీసి చూపాలంటే ఎలాంటి ఆధారాలు వెతకాలి? అరబిక్ రాదు, ఇంగ్లిష్‌లో చదవగలను. దయచేసి దారి చూపండి.