పని వ్యాన్‌లో ముందు డబుల్ సీటు వెనక్కి మార్చాలి, నేలకు ఎలా బిగించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. 3.5 టన్నుల లోపు సరుకుల వ్యాన్. డ్రైవరు పక్కనున్న డబుల్ సీటు ఊడదీసి వెనక సరుకు పెట్టే చోట, డ్రైవరు సీటు వెనకాలే బిగించాలి. ముందు ఖాళీ అయిన చోట పనిముట్ల పెట్టె వస్తుంది. వెనక నేల మీద 12 మి.మీ. ప్లైవుడ్, దాని కింద గాడుల రేకు. ప్లైవుడ్‌తో సహా బెజ్జాలు వేసి నాలుగు ఎం10 (10 మి.మీ. మర) బోల్టులు, కింద పెద్ద వాషర్లు పెడితే ఆగుతుందా?

జవాబు 1:
బోల్టుల సంగతి తర్వాత. ముందు ఆ సీటు బెల్టులు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. చాలా వ్యాన్లలో లోపలివైపు కూర్చునేవారి బెల్టు సీటు వీపులోంచే వస్తుంది గానీ, తలుపు వైపు వారి బెల్టు తలుపు వెనక స్తంభం మీద ఉంటుంది. సీటు వెనక్కి జరిగితే ఆ బెల్టు ముందే ఉండిపోతుంది. దాని రీలు పీకి సీటు వెనక నేలకి బిగించేవాళ్లున్నారు. అది అసలు చేయకూడదు. నేలనుంచి లేచి భుజం మీదుగా దిగే బెల్టు, బండి గుద్దుకున్నప్పుడు భుజాన్ని కిందికి తొక్కుతుంది, ఆ బలం వెన్నుపూస మీద పడుతుంది. బెల్టు పై కొస భుజం ఎత్తుకన్నా కిందికి ఉండకూడదు.

కాబట్టి ఈ సీటు వెనక్కి పనికిరాదు. మీ మోడల్లోనే రెండో వరస ఉన్న రకం వస్తుంటే దాని సీటు సంపాదించండి. ఇద్దరి బెల్టులూ సీటులోనే ఉన్నది కావాలి. కొన్ని మోడళ్లలో రెండు రకాలకీ నేల ఒకటే, రబ్బరు మూతల కింద కంపెనీవాళ్లు వేసిన మర బెజ్జాలు దొరుకుతాయి. అవి ఉంటే డ్రిల్లు ముట్టుకోనక్కర్లేదు. ఇవాళే ప్లైవుడ్ ఎత్తి చూడండి.

జవాబు 2:
పైన చెప్పింది నిజం. కంపెనీ బెజ్జాలు లేకపోతే లెక్క ఇలా ఉంటుంది. మీ బండి తరగతికి ఐక్యరాజ్యసమితి నిబంధన 14 ప్రకారం మూడు కొసల బెల్టు పరీక్షలో నడుం దగ్గర 13,500 న్యూటన్లు, ఛాతీ దగ్గర ఇంకో 13,500 న్యూటన్లతో లాగుతారు. ఒక్క మనిషికి దాదాపు 2.7 టన్నులు. బెల్టు సీటులోనే ఉంటే సీటు బరువుకి 20 రెట్లు కూడా కలుపుతారు. ఇద్దరు కూర్చునే 40 కిలోల సీటంటే మొత్తం 6 టన్నుల పైమాటే, అదంతా ఆ నాలుగు బోల్టుల దగ్గరే దిగుతుంది. అదీ సమానంగా కాదు. సీటు ముందుకి ఒరుగుతుంది కాబట్టి ముందు కాళ్లు నేలని నొక్కుతాయి, వెనక కాళ్లు పైకి లేస్తాయి. లాగుడంతా వెనక రెండు బోల్టులదే.

8.8 గ్రేడు (బోల్టు తల మీద ఉండే బలం గుర్తు) ఎం10 బోల్టు తెగాలంటే 46 కిలోన్యూటన్ల దాకా కావాలి, అంటే 4.7 టన్నులు. బోల్టు అంత తొందరగా తెగదు. ఒక మిల్లీమీటరు రేకు మాత్రం చిరుగుతుంది, వాషరు బొత్తాంలా బెజ్జంలోంచి బయటికొస్తుంది. అందుకే వాషర్లు చాలవు, ప్లేట్లు కావాలి. మోటారు పందేలకి ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు పందేల సంస్థ) పెట్టిన కనీసం, ఒక్కో బోల్టుకి 3 మి.మీ. ఉక్కు, 40 చదరపు సెం.మీ. వెనక బోల్టులకి నేనైతే 5 మి.మీ. మందం, 100 × 100 మి.మీ. వేస్తాను, మూలలు గుండ్రంగా రుద్ది. వాడి మూల ఉంటే చిరుగు అక్కడే మొదలవుతుంది.

మీది గాడుల రేకు. కింద చదును ప్లేటు పెడితే అది గట్ల మీదే ఆనుతుంది, గాడి దగ్గర ఖాళీ మిగులుతుంది. బోల్టు బిగించేకొద్దీ రేకు కిందికి వంగుతుంది, మీకు మాత్రం బిగిసినట్టే అనిపిస్తుంది. గాడి లోతుకి సరిపడా ఉక్కు పట్టీ ముక్క కోసి ఆ ఖాళీలో పెట్టి, ఆ మీద ప్లేటు వేయండి.

ప్లైవుడ్‌ని మధ్యలో పెట్టి బిగించొద్దు. చెక్క అణుగుతుంది, చెమ్మకి ఉబ్బి ఎండకి కుంచించుకుంటుంది, కొన్నాళ్లకి బోల్టు వదులు. సీటు కాళ్ల దగ్గర ప్లైవుడ్ కోసేసి లోహం మీద లోహం ఆనేలా చేయండి. ఎత్తు తగ్గితే 12 మి.మీ. ఉక్కు దిమ్మె.

అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. మూతలేమీ లేవు, ఉత్త గాడుల రేకే ఉంది. రెండో వరస సీటు దొరికింది, బెల్టులు రెండూ దాంట్లోనే ఉన్నాయి. కానీ ఎడమ వెనక బోల్టు సరిగ్గా డీజిల్ ట్యాంకు మీదికి వస్తోంది. ట్యాంకుకీ రేకుకీ మధ్య 30 మి.మీ. ఉంటుంది. అక్కడొక్కటి పైనుంచి రివెట్ నట్టు (కింద చెయ్యి పెట్టకుండా పైనుంచే రేకు బెజ్జంలో నొక్కి బిగించే నట్టు) వేయొచ్చా?

జవాబు 2:
వద్దు తమ్ముడూ. రివెట్ నట్టు రేకుని కాస్త అంచు మేరే పట్టుకుంటుంది. వెనక బోల్టు దగ్గర దాన్ని నమ్మకూడదు. ట్యాంకు మీద డ్రిల్లు అసలే వద్దు, బిట్టు రేకు దాటగానే ఎంత లోపలికి దూకుతుందో చేతికి తెలియదు. సీటుని ముందుకో వెనక్కో జరిపి నాలుగు చోట్లా కిందనుంచి పానా పట్టే జాగా చూసుకోండి. దొరక్కపోతే ట్యాంకు దించాల్సిందే.

కింద బ్రేకు పైపులు, వైరింగ్, సైలెన్సర్ చూసుకుని, కిందనుంచి గుర్తు పెట్టి 3 మి.మీ. బిట్టుతో మొదలుపెట్టి 6, ఆ తర్వాత 10.5. అంచు గరుకు తీసి, ప్రైమర్ కొట్టి, ఆరాక సీలెంట్. రజను ఊడ్చేయాలి, లేకపోతే ఒక్క వానకే తుప్పు మచ్చలు. సైలెన్సర్ దగ్గర నైలాన్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు) వేడికి పట్టు వదులుతుంది, మొత్తం లోహంతో చేసిన లాక్ నట్టు వాడండి. ఛాసిస్ డబ్బా గొట్టంలోంచి బోల్టు వెళ్తే లోపల ఉక్కు ట్యూబు ఉండాలి, లేకపోతే గొట్టం నొక్కుకుపోతుంది.

జవాబు 3:
కరెంటు బండి ఉన్నవాళ్లు ఇది చదివి నేలకి డ్రిల్లు పెట్టొద్దు. చాలావాటికి బ్యాటరీ ఆ నేల కిందే.

ఇక ముందు సీటు తీయడం. కింద పసుపు కప్లర్ (వైర్లని కలిపే జాయింటు) కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌దో, బెల్టుని బిగించే ప్రీటెన్షనర్‌దో. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి అప్పుడే ఊడదీయండి. మీటరు పెట్టి ఓమ్స్ చూడొద్దు, ఆ చిన్న కరెంటుకే పేలే ప్రమాదం ఉంది. కప్లర్ ఊడి ఉండగా ఇగ్నిషన్ వేస్తే లోపం నమోదై ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతూనే ఉంటుంది. పనిముట్ల పెట్టె డ్యాష్‌బోర్డు ఎయిర్‌బ్యాగ్ దారిలో ఉండకూడదు.

అడిగినవారు:
టార్క్ (బోల్టు తిప్పి బిగించే బలం) ఎంత పెట్టాలి? సీటుతో వచ్చిన బెల్టు బోల్టు ఒకటి పోయింది, ఎం10 వేశాను గానీ కాస్త వదులుగా తిరుగుతోంది.

జవాబు 1:
అది తీసేయండి. బెల్టు బోల్టులు చాలావరకు 7/16 అంగుళాలవి, అంగుళానికి 20 మరలు. సైజు 11 మి.మీ. పైన కాబట్టి ఎం10 దాంట్లోకి జారినట్టు దిగుతుంది, మరలు పట్టవు. సరైనదే తెప్పించండి, టార్క్ తయారీదారు చెప్పినంత. సీటు కాళ్ల ఎం10, 8.8 గ్రేడుకి 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు, ఎం12 అయితే 80 పైన.

ముందే పూర్తిగా బిగించొద్దు. నాలుగూ చేత్తో తిప్పి వదిలి, కాళ్ల బెజ్జాల మధ్య మూలకి మూల కొలవండి, రెండు కొలతలూ ఒకటే రావాలి. పట్టాల మీద జరిగే సీటైతే చివరిదాకా ముందుకి వెనక్కి జరపండి, రెండు పట్టాల గొళ్లేలూ ఒకేసారి టక్‌మని పడాలి. ఒకవైపే పడితే పట్టా మెలి తిరిగిందన్నమాట. బిగించాక బెల్టు గబుక్కున లాగి చూడండి, ఆగిపోవాలి. మెల్లగా లాగినా ఆగిపోతుంటే సీటు ఏటవాలుగా ఉండి రీలు లాక్ అవుతోందని అర్థం.

ఇంకోటి, ఈ సీటు వెనక సరుకుంటే మధ్యలో గట్టి గోడ కావాలి. 50 కిలోల పెట్టె గుద్దుడులో 20 జి (భూమి ఆకర్షణకి 20 రెట్లు) వేగ తగ్గింపుకి ఒక టన్నులా మీద పడుతుంది. కూర్చునే సంఖ్య మారితే రిజిస్ట్రేషన్, బీమా కాగితాల్లో కూడా మారాలి, ఎక్కించుకునేముందే.

జవాబు 2:
బిగించాక నట్టు, బోల్టు, ప్లేటు మూడిటి మీదుగా పెయింటు గీత ఒకటి గీయండి. వంద కిలోమీటర్లు తిరిగాక కింద టార్చి వేసి చూస్తే గీత విరిగిందో లేదో తెలిసిపోతుంది. విరిగితే మళ్లీ బిగించడం కాదు, ప్లేటు ఎక్కడ అణిగిందో వెతకాలి.