పాత డాక్‌కి మూడో మానిటర్ పెడితే స్పీకర్లలో చిటపటలు

2011 నాటి లాప్‌టాప్, దాని డాకింగ్ స్టేషన్ (లాప్‌టాప్‌ను కూర్చోబెడితే అదనపు పోర్టులిచ్చే డాక్), విండోస్ 10. డాక్‌లోని డీవీఐ, వీజీఏ పోర్టులకు రెండు మానిటర్లు పెట్టాను, మూత మూసి వాడుతున్నాను. ఇంతవరకు బాగానే ఉంది. ఈ లాప్‌టాప్ గ్రాఫిక్స్ ఒకేసారి రెండు స్క్రీన్లకు మించి ఇవ్వదు కాబట్టి మూడోదానికి యూఎస్‌బీ-హెచ్‌డీఎంఐ అడాప్టర్ కొన్నాను. స్పీకర్లు యూఎస్‌బీ సౌండ్ కార్డుకు ఉన్నాయి (డాక్ ఆడియో జాక్‌లో ఎప్పుడూ గుయ్‌మని హమ్, భరించలేం).

మూడో స్క్రీన్ మీద వీడియో పెట్టిన రెండు మూడు సెకన్లకే పాట చిటపటలాడుతుంది. విండోను అటూ ఇటూ లాగినా అంతే. వదిలేస్తే సర్దుకుంటుంది.

డ్రైవర్లు మార్చాను, సౌండ్ కార్డును లాప్‌టాప్ పోర్టుకే నేరుగా పెట్టాను, విడిగా పవర్ ఉన్న హబ్ కూడా వాడాను. లాభం లేదు. రిజల్యూషన్ 1920×1080 నుంచి 1280×720కి దించితే మాత్రం చాలా తగ్గింది. పోర్టులన్నీ యూఎస్‌బీ 2.0, అంటే సెకనుకు 480 మెగాబిట్లే కదా, ఇరుకు అక్కడేనని నా అనుమానం.

లాప్‌టాప్ పక్కన ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్ (అదనపు కార్డు దూర్చే చోటు) ఖాళీగా ఉంది. అందులో యూఎస్‌బీ 3.0 కార్డు వేసి డిస్‌ప్లే అడాప్టర్‌ను దానికి మారిస్తే 1920×1080లో ఈ చిటపటలు పోతాయా?